కీళ్ళ నొప్పులును, పనుల తీరును

మోకాలు పట్టినదనియో, నడుము వంగుట లేదనియో, వ్రేళ్ళు ముడుచుకొనుట లేదనియో చెప్పుకొనని వృద్ధులు మన పల్లెలలో అరుదు. "వయస్సు వచ్చినది, ఇక ఇంతే" యని ఒకరు మూల కూర్చుందురు. "పని మానిన మనిషికి విలువ యేమి?" అని మరియొకరు పండ్లు బిగించి ఎప్పటివలెనే బరువులు మోయుదురు. ఈ రెండు త్రోవలును మిక్కిలి పాతవి. వీని నడుమ మూడవ త్రోవ యొకటి కలదు. అది పనిని మానక, పని చేయు తీరును మార్చుకొనుట. వైద్యశాస్త్రము ఈ త్రోవకు వచ్చుటకు చాలకాలము పట్టినది. ఆ చరిత్రను క్లుప్తముగా విన్నవించి, అందుండి మన యిండ్లలోనికి తెచ్చుకొనదగిన సంగతులను చెప్పుట నా యుద్దేశము.

ఈ వ్యాధి మానవునితో ఎంతకాలమునుండి యున్నదో పాత యెముకలే చెప్పుచున్నవి. ఈజిప్టు దేశపు మమ్మీలలో కీళ్ళు చెడిన గుర్తులు కానవచ్చినవి. అంతకంటె మిక్కిలి పాత సాక్ష్యము ఫ్రాన్సు దేశమున దొరకినది. 1908వ సంవత్సరమున లా షపెల్ ఓ సేన్ అను గ్రామము చెంత ఒక గుహలో, సుమారు 50 వేల యేండ్ల నాటి నియాండర్తల్ జాతి మానవుని యస్థిపంజరము బయటపడినది. దానిని పరీక్షించిన మార్సెలిన్ బూల్ అను పండితుడు ఆ జాతివా రందరును నడుము వంచి, మోకాళ్ళు వంచి నడచెడివారని వర్ణించెను. 1957లో స్ట్రాస్, కేవ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ యెముకలనే మరల చూచి, ఆ మనిషి వెన్నెముకయందును ఇతర కీళ్ళయందును వ్యాధి ముదిరి యున్నదనియు, ఆరోగ్యముగల నియాండర్తల్ మానవుడు మనవలెనే నిటారుగా నిలువగలవాడనియు తెలిపిరి. ఒక రోగి నడకను చూచి ఒక జాతి నడకయే అట్టిదని లోకము దాదాపు అర్ధశతాబ్దము నమ్మినదన్నమాట.

మన దేశపు ప్రాచీన వైద్యులును ఈ బాధను ఎరుగుదురు. చరకసుశ్రుత సంహితలలో సంధిగతవాతమను వ్యాధి చెప్పబడినది. కీలు గాలి నిండిన తిత్తివలె చేతికి తోచుననియు, అవయవమును చాచునపుడును ముడుచునపుడును నొప్పి కలుగుననియు చరకసంహిత చెప్పు లక్షణములు. నేటి ముసలివారు మోకాలు పట్టుకొని చెప్పునదియు ఇదియే గదా!

అయినను చాలకాలమువరకు కీళ్ళకు వచ్చు నొప్పులన్నియు ఒకే మూటలో కట్టబడి యుండెను. ఆ మూటను విప్పి వేరుచేయుటకు ఐరోపాలో రెండు శతాబ్దములు పట్టినది. 1743లో విలియం హంటర్ అను శరీరశాస్త్రవేత్త, ఎముకల కొనలను కప్పియుండు నున్నని మృదులాస్థిని గూర్చి లండనులోని రాయల్ సొసైటీకి ఒక వ్యాసము సమర్పించెను. ఆ పొర ఒకసారి చెడినచో తిరిగి పూర్వస్థితికి రాదని అందు చెప్పెను. మనవా రేదానిని "గుజ్జు" అందురో అది యీ పొరయే. తరువాత విలియం హెబర్డెన్ అను ఆంగ్ల వైద్యుడు, వ్రేళ్ళ కొనకీళ్ళ ప్రక్కన బఠాణిగింజంత గట్టి బుడిపెలు లేచుటను వర్ణించి, వీనికిని గౌట్ అను వాతరక్తమునకును సంబంధము లేదని వ్రాసెను. ఆయన 1801లో మరణింపగా గ్రంథము 1802లో వెలువడినది. ఆ బుడిపెలకు నేటికిని ఆయన పేరే నిలిచి యున్నది. 1859లో ఆల్ఫ్రెడ్ గారడ్ అను వైద్యుడు వాపును వేడిమియు హెచ్చుగా గల మరియొక కీళ్ళవ్యాధికి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని పేరు పెట్టెను. 1907లో ఆయన కుమారుడు ఆర్చిబాల్డ్ గారడ్ దానినుండి ఆస్టియో ఆర్థ్రైటిస్ అను అరుగుడువ్యాధిని స్పష్టముగా వేరుపరచెను. ఈలోపల 1895లో రాంట్‌జెన్ పండితుడు ఎక్స్‌రే కిరణములను కనుగొనుటచే, బ్రదికియున్న మనిషి కీలులోపలి మార్పులు కంటికి కనబడసాగెను.

ఈ పేర్ల తగవు మనకేల యని శ్రోతలు తలంపవచ్చును. పేరు వేరైనచో చికిత్స వేరగును. అరుగుడువ్యాధిలో ఉదయమున లేచినపుడు కీలు కొంచెము బిగిసి, సామాన్యముగా అరగంటలోపల సడలును. పని చేసినకొలది నొప్పి హెచ్చి, విశ్రాంతిచే తగ్గును. అట్లుగాక పూటంతయు బిగువు సడలకున్నను, కీలు ఎర్రబడి కాగుచున్నను, జ్వరము వచ్చుచున్నను అది వేరు వ్యాధి. ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. నీటివలన వచ్చు బాధ మరియొకటి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను వైద్యశాస్త్రజ్ఞులు నెల్లూరు జిల్లాలో ప్రజలకు వెన్ను, కీళ్ళు బిగిసిపోవుటను పరిశీలించి, త్రాగునీటిలో ఫ్లోరైడు మితిమీరి యుండుటయే అందుకు కారణమని ప్రకటించిరి. నల్లగొండ జిల్లా ప్రజలు అనుభవించిన బాధయు ఇట్టిదే. అచ్చట ముందుగా మార్చవలసినది త్రాగు నీరు. పల్లెలో పడుచువారికిని పెక్కుమందికి వెన్ను బిగిసి, పండ్లపై గారలు కనబడుచున్నచో ముసలితన మనుకొని ఊరకుండరాదు. నీటిని పరీక్ష చేయింపవలెను.

ఇక అరుగుడువ్యాధికి వత్తము. ఇది యెవరికి ఎక్కువగా వచ్చును? ఈ ప్రశ్న అడుగుటతోనే వైద్యులు మనుష్యుల దినచర్యవైపు చూడసాగిరి. 1952లో ఇంగ్లండున కెల్‌గ్రెన్, లారెన్స్ అను వైద్యులు బొగ్గుగని పనివారి కీళ్ళను ఎక్స్‌రే తీసి చూచిరి. ఇతరులకంటె వారి మోకాళ్ళయందును నడుమునందును చెడిన గుర్తులు ఎక్కువగా కనబడెను. ఇరుకు సొరంగములలో మోకరిల్లియు, వంగియు పనిచేయుట వారి వృత్తి. చైనా రాజధానియగు బీజింగు నగరమున 60 యేండ్లు దాటిన వృద్ధులను పరీక్షింపగా మరియొక చిత్రము తేలినది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణపు స్త్రీలకంటె అచ్చటి స్త్రీలలో మోకాళ్ళ యరుగుడు ఎక్కువగా నుండెను. తుంటికీలు అరుగుడు మాత్రము మిక్కిలి తక్కువగా నుండెను. 2004లో ప్రకటింపబడిన పరిశీలనలో, యౌవనమున దినమునకు గంటలకొలది గొంతుకూర్చున్నవారికి ముసలితనమున మోకాళ్ళ యరుగుడు హెచ్చుగా నున్నట్లు తెలిసినది.

ఈ వార్త మన యింటి వార్తయే. మనము నేలమీద జీవించు జాతి. అన్నము నేలమీద, పూజ నేలమీద, కత్తిపీట నేలమీద, కలుపుతీత నేలమీద. ఈ యలవాటు చెడ్డదని నేను చెప్పను. కీళ్ళు చక్కగా నున్నవారికి నేలపై కూర్చుండి లేచుట వలన తుంటియు, నడుమును చురుకుగా నుండును. కాని గుజ్జు తరిగిన మోకాలిని పూర్తిగా మడిచి, దానిమీద దేహపు బరువంతయు నిలుపుట ఆ కీలునకు భారము. ఆచారము మనకొరకు పుట్టినది. దేహము మారినపుడు ఆచారమును రెండడుగులు పైకెత్తి పీటమీద పెట్టుకొనిన దోషము లేదు.

బరువు సంగతియు ఇక్కడనే చెప్పవలెను. నడచునపుడు ఒక్కొక్క యడుగున మోకాలిపై పడు భారము దేహపు బరువునకు రెండు మూడు రెట్లు. మెట్లు దిగునపుడు అది మూడురెట్లు మించును. ఫ్రామింగ్‌హామ్ స్త్రీలను పరిశీలించి 1992లో ప్రకటించినదానినిబట్టి, పదియేండ్లలో సుమారు 5 కిలోల బరువు తగ్గినవారికి మోకాళ్ళనొప్పి వ్యాధి వచ్చు నవకాశము సగమునకు పైగా తగ్గెను. దేహమున ఒక కిలో తగ్గినచో ప్రతి యడుగునను మోకాలిపై నాలుగు కిలోల భారము తగ్గునని 2005లో మరియొక పరిశోధన తెలిపినది.

కారణములు తెలిసినపిమ్మట చికిత్స యేమి? పూర్వము నొప్పి యన్నచో మంచముపై పడుకొనుటయే విధిగా నుండెను. 1947లో రిచర్డ్ ఆషర్ అను ఆంగ్ల వైద్యుడు, అవసరము లేక మంచము పట్టుటవలన కలుగు నపాయములను గూర్చి ఒక చిన్న వ్యాసము వ్రాసి వైద్యలోకమును మేలుకొలిపెను. కదలని కీళ్ళు బిగియుననియు, కండలు క్షీణించుననియు ఆయన చూపెను. మృదులాస్థికి రక్తనాళములు లేవు. కీలులోని జిగురునీటినుండియే దానికి పోషణ. నీట తడిసిన బట్టను పిండి వదలినచో మరల నీరు పీల్చునట్లు, కీలు మితముగా కదలుచున్నపుడే ఆ పోషణ చక్కగా సాగును. కావున కదలిక మానుట కీలును పస్తు పెట్టుటయే. 1997లో అమెరికాలో 60 యేండ్లు దాటిన 439 మంది మోకాళ్ళ రోగులను 18 నెలలు పరిశీలించిరి. నడకను, కండబలము పెంచు వ్యాయామమును చేసినవారికి, కేవలము బోధ వినినవారికంటె నొప్పియు అశక్తతయు కొంత తగ్గెను. తగ్గినది కొంతయే, అయినను లేచి నడువగల మనిషికి ఆ కొంతయే చాల గొప్పది.

కదలవలెను, కాని కీలును శ్రమపెట్టరాదు. ఈ రెంటిని కలుపుటయే మూడవ త్రోవ. 1956లో వాల్టర్ బ్లౌంట్ అను అమెరికా శస్త్రవైద్యుడు ఊతకఱ్ఱను పారవేయకుడని తోటి వైద్యులకు ఒక వ్యాసమున హితవు చెప్పెను. 1965లో జాయ్ కార్డరీ అను ఆమె, దినదినము చేయు పనులలో కీళ్ళను కాపాడుట యెట్లో ఒక పద్ధతిగా వ్రాసెను. ఆమె వైద్యురాలు కాదు. రోగులకు పనులు చేసికొనుట నేర్పు వృత్తియందున్నది. అప్పటినుండి వంట, నడక, బట్టలుతుకుట మొదలగు చిన్న పనులు వైద్యశాస్త్రమున చోటు సంపాదించినవి. వానిని మన యిండ్లకు తగినట్లు చెప్పెదను.

మొదట కూర్చుండుట. కూర్చున్నపుడు తుంటి మోకాలికంటె కొంచెము ఎత్తుగా నుండవలెను. సామాన్యపు పొడవుగలవారికి అడుగున్నర, అడుగు ముప్పాతిక యెత్తుగల బల్ల చాలును. మధ్యకు క్రుంగిన నులకమంచము మంచిది కాదు; నులక బిగించుకొనవలెను, లేదా కోళ్ళ క్రింద దిమ్మలు పెట్టుకొనవలెను. లేచునపుడు బల్లయంచునకు జరిగి, పాదములు వెనుకకు తీసికొని, చేతులతో ఆనుకొని లేవవలెను. మరుగుదొడ్డిలో ఎత్తైన పీఠమును, గోడకు పట్టుకొను కడ్డియు అమర్చుకొనుట ముసలివారున్న యింట మొదటి ఖర్చుగా నెంచవలెను.

రెండవది ఊతకఱ్ఱ. నొప్పి కుడికాలున నున్నచో కఱ్ఱ ఎడమచేత నుండవలెను. చాలమంది నొప్పియున్న వైపుననే పట్టుకొందురు. ఎదుటిచేత కఱ్ఱ యుండి, నొప్పికాలితోపాటు ముందుకు పడినపుడే భారము పంచుకొనబడును. చేయి వ్రేలాడవిడిచి నిలుచున్నపుడు కఱ్ఱపిడి మణికట్టు ముడుత కెదురుగా రావలెను. కొనకు రబ్బరు తొడుగు వేయవలెను. మెట్లు ఎక్కునపుడు మంచికాలు ముందు, దిగునపుడు నొప్పికాలు ముందు పెట్టవలెను.

మూడవది వంటిల్లు. కత్తిపీటను ముందు గొంతుకూర్చుండక, కూరలను బల్లమీద కత్తితో తరుగుకొనవచ్చును. నిండు గిన్నెను రెండు వ్రేళ్ళతో అంచు పట్టి యెత్తుటకంటె, మసిగుడ్డతో రెండు అరచేతులమీదికి తీసికొనుట మేలు. పెద్ద కీలు చేయగల పనిని చిన్న కీలునకు అప్పగింపరాదు. గరిటె, కత్తి, చీపురు మొదలగువాని పిడులకు పాతగుడ్డ చుట్టి లావుచేసినచో వ్రేళ్ళు గట్టిగా బిగియనక్కరలేదు. తడిబట్టను చేతులతో మెలిపెట్టుటకు బదులు, స్తంభమునకు చుట్టి రెండుకొనలు పట్టి పిండవచ్చును. పొడుగు పిడిగల చీపురుతో నిలుచుండి ఊడ్చుకొనవచ్చును.

నాలుగవది బయటిపని. ఒక చంకన నిండుబిందె మోయుటకంటె రెండు చేతుల రెండు చిన్న పాత్రలు మోయుట మేలు. రెండుమారులు పోయినను నష్టము లేదు. కావడి కనిపెట్టిన మన పెద్దలు సమముగా పంచిన బరువు తేలికయని ఎరుగుదురు. కలుపుతీతవంటి పనిని పొద్దంతయు ఒకే తీరున చేయక, అరగంటకొకసారి లేచి నిలిచి, నడుమ వేరుపని చేయవలెను. కష్టమైన పనిని దేహము సడలిన వేళకు పెట్టుకొని, ఉదయపు బిగువు పోవుటకు కాపడమో, వేన్నీళ్ళ స్నానమో చేయవలెను.

అయిదవది తొడకండకు బలము. బల్లమీద కూర్చుండి ఒక కాలిని నిటారుగా చాచి, అయిదు లెక్కించువరకు నిలిపి, మెల్లగా దింపవలెను. ఒక్కొక్క కాలికి పదిమారులు చొప్పున ఉదయము, సాయంకాలము చేసిన చాలును. దీనితోపాటు చదునైన దారిని నడువవలెను. ఎంత చేయవచ్చు ననుటకు ఒక గుర్తు కలదు. పని ముగిసి రెండు గంటలైనను నొప్పి మునుపటికంటె హెచ్చుగానే యున్నచో ఆ పని మితిమీరినదని యెంచి మరునాడు తగ్గించుకొనవలెను, పూర్తిగా మానరాదు.

ఇంత చేసినను కొందరికి నొప్పి లొంగదు. 1890 ప్రాంతమున బెర్లిను నగరమున గ్లుక్ అను వైద్యుడు దంతముతో చేసిన మోకాలికీలును అమర్చి చూచెను, అది నిలువలేదు. 1962లో ఇంగ్లండున జాన్ చార్న్‌లీ తుంటికీలు మార్పిడిని నమ్మదగిన చికిత్సగా రూపొందించెను. తరువాత మోకాలికిని అట్టి చికిత్స వచ్చినది. నేడు అది మన పట్టణములలోను జరుగుచున్నది. నడకయే ఆగిపోవు స్థితి వచ్చినపుడు వైద్యుని సలహాతో దానిని ఆశ్రయింపవచ్చును. కాని పేరులేని పొట్లములను, ఏమి కలిసినదో తెలియని మాత్రలను నమ్మి మ్రింగరాదు. నొప్పిమాత్రలు అదుపులేక వాడినచో కడుపునకును మూత్రపిండములకును చేటు తెచ్చును.

ఇంతవరకు చెప్పినవానిలో ఖర్చైనది స్వల్పము, కష్టమైనది ఒక్కటియే; అది సిగ్గు. నే నెరిగిన ఒక పెద్దమనిషి, ఊరి తగవులు తీర్చువాడు, క్రమక్రమముగా రచ్చబండకు వచ్చుట మానివేసెను. ఆయనకు కోపము వచ్చినదని కొందరు, గర్వ మని కొందరు అనుకొనిరి. కారణ మేమనగా, నేలనుండి లేచునపుడు ఇద్దరు పట్టుకొనవలసి వచ్చుచుండెను. అది పదిమంది చూచుట ఆయనకు ఇష్టము లేదు. పెండ్లిపంక్తిలో కూర్చుండలేక విందులు మానెను. మెట్లు ఎక్కలేక గుడి మానెను. మోకాలు ఆయన నడకను మాత్రమే తగ్గించినది. ఊరితోడి సంబంధమును తెంచినది సిగ్గు. తుదకు ఎవరో రచ్చబండ చెంత ఒక యెత్తుబల్ల వేయించిరి. మొదట వేరొక ముసలివాడు దానిమీద కూర్చుండెను. పిదప ఈయనయు వచ్చి కూర్చుండెను. ఆ దినమునుండి ఊరికి ఆయన మాట మరల వినబడినది.

కావున పెద్దలతో నా మనవి యిది. ఊరిలో ఆచారమును నిలుపువారు మీరు; మార్చవలసినవారును మీరే. గుడిమెట్ల ప్రక్కన పట్టుకొను కడ్డి యొకటి, పంక్తిభోజనమున నాలుగు బల్లలు, రచ్చబండ చెంత ఒక యెత్తుపీట వేయింపుడు. వానిపై మొదట మీరు కూర్చుండుడు. ఊతకఱ్ఱను మీరు నలుగురిలో పట్టుకొనుడు. మీరు పట్టినది చూచి, ఇంట మూల కూర్చున్న ముసలమ్మయు తన కఱ్ఱ తీసికొని వీధిలోనికి వచ్చును.